జంధ్యం తెగింది, శిలువ జారింది, మరి డబ్బు మాటేమిటి? ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ గురించి ఒక చర్చ

తంబురా:
తమిళంలో భారతీరాజా తీసిన ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ని మనలో చాలామంది చూసి ఉండరు గానీ, దాని కథ తెలియనివారు మాత్రం తక్కువ. అదే 1981లో అదే దర్శకుడు అదే కథను ‘సీతాకోకచిలుక’గా మనకూ తీసి ఇచ్చారు కదా. పోయిన వారం రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చూశాను. బ్రాహ్మణుల అబ్బాయికీ క్రైస్తవుల అమ్మాయికీ మధ్య నడిచిన మతాంతర ప్రేమకథ అనే ఇన్నేళ్ళుగా దీని గురించి చెప్పుకుంటున్నాం, నేనూ అలాగే చెబుతూ వచ్చాను. ఈసారి మతం కన్నా ముందు నా కంటికి రెండు ఇళ్ళు కనబడ్డాయి. ఒకటి, నలుగురు పిల్లలకు సంగీతం చెప్పి సంసారం ఈదుకొస్తున్న తల్లి ఇల్లు. రెండోది, ఊరంతా ఎదురుపడటానికి జంకే డేవిడ్ ఇల్లు. ఆ డేవిడ్ చెల్లెలు మేరీ ఈ తల్లి దగ్గరికి పాఠానికి వస్తుంది, కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

మామూలు ప్రేమకథల్లో పేదవాడు కులంలోనూ తక్కువవాడే అవుతాడు, ధనవంతుడు అన్నిటా పైవాడే అవుతాడు. ఇక్కడ ఆ రెండు తూకాలూ ఒకదానికొకటి ఎదురు తిరిగాయి. పూజ, పాట, మర్యాద ఒక ఇంట ఉంటే, డబ్బూ పలుకుబడీ మరో ఇంట ఉన్నాయి. అందువల్ల ఎవరు ఎవరికన్నా కిందివారో తేల్చుకోవడానికి వీలులేని ప్రేమ ఇది. ఈ మెలికను మనం తగినంతగా పట్టించుకోలేదని నా అనుమానం. మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

మైలాపూరు తెలుగువాడు:
తంబురా గారూ, మీ వాదన వినసొంపుగానే ఉంది గానీ, ముగింపును ఏం చేస్తారు? చివరికి ఆ తల్లి కొడుకు విచ్చు తన జంధ్యాన్నీ, మేరీ తన మెడలోని శిలువనూ తీసి పారేసి వెళ్ళిపోతారు. సినిమా మొత్తంలో ఎవరికైనా గుర్తుండిపోయే దృశ్యం అదే, ఆ రోజుల్లో జనం వాదించుకున్నదీ దాని గురించే. దర్శకుడు డబ్బు గురించి మాట్లాడదలచుకుంటే ఆ పిల్ల చేత ఒంటిమీది నగలు తీయించి ఉండేవారు.

మరొక విషయం. ఈ చిత్రాన్ని తీసిన ముట్టం, కన్యాకుమారి జిల్లాలోని జాలరుల ఊరు. రాళ్ళు, దీపస్తంభం, చర్చి, ఆ వెనుక సముద్రం, అంతే. ఆ జిల్లా జనాభాలో దాదాపు సగం మంది క్రైస్తవులు. అందువల్ల అక్కడ మతమన్నది కథ కోసం బయటి నుంచి మోసుకొచ్చి పెట్టిన అడ్డంకి కాదు, పక్కింటి సంగతి. గుడి గంటా చర్చి గంటా ఒకే గాలిలో వినబడే చోట మతాన్ని పక్కకు నెట్టి, ఇది ధనిక పేద కథ అని తేల్చెయ్యడం నాకు సబబుగా తోచడం లేదు.

తంబురా:
మతాన్ని నేను పక్కకు నెట్టలేదండీ. నగలు తీయించలేదు అన్నారు చూడండి, నా ఫిర్యాదు సరిగ్గా అదే. తెంచుకోవడానికి జంధ్యం ఉంది, తీసి వెయ్యడానికి శిలువ ఉంది. లేమికి మాత్రం మెడలో వేలాడే గుర్తు ఏదీ ఉండదు, కాబట్టి కెమెరా దాన్ని చూపలేదు. మతం విడిచామని ఒక్క క్షణంలో చెప్పగలిగారు. ఉన్నవాళ్ళ ఇంటి పిల్ల ఆ ఇంటి అన్నాన్ని విడిచి ఏ ఇంటి అన్నానికి పోతున్నదన్నది చెప్పడానికి సినిమాకు తీరిక లేకపోయింది. చెప్పకపోయినంత మాత్రాన అది కథలో లేదనగలమా?

గోదారిగట్టు:
ఇద్దరి మాటలూ చదివాను. నేను పాటల వైపు నుంచి వస్తాను, ఎందుకంటే ఇది పాటలున్న సినిమా కాదు, పాట మీదే నిలబడిన సినిమా. ఆ పిల్ల ఆ గడప తొక్కడానికి కారణం సంగీతం. పేదింటికి పెద్దింటి ముందు తల ఎత్తుకునే హక్కు ఇచ్చింది కూడా సంగీతమే. పాఠం జరిగినంతసేపూ చెప్పే మనిషి పైన, నేర్చుకునే మనిషి కింద. శ్రుతి తప్పితే ఎంత కలవారి పిల్లనైనా సరే, ఆపి మళ్ళీ పాడమనవచ్చు. పాఠం ముగిసి ఆ పిల్ల గడప దాటితే లెక్క మళ్ళీ మామూలే. తంబురా గారు చెప్పిన ఎదురు తూకం ఆ గంటసేపట్లోనే ఉంది.

ఇక ‘కాదల్ ఓవియం’ పాట సంగతి. మన ‘మాటే మంత్రము’ అదే బాణీ. ఆ పాట ‘శతమానం భవతి’ అనే ఆశీర్వచనంతో మొదలవుతుందని అందరికీ తెలుసు గానీ, అది ఏ సందర్భంలో ఎవరి మీద చదువుతున్నదో ఒక్కసారి ఆలోచించండి. పెళ్ళిపందిట్లో పురోహితుడు అక్షతలు చల్లుతూ పలికే మాటలవి. ఆ పిల్లలిద్దరికీ ఏ పురోహితుడూ పెళ్ళి చెయ్యడు, ఏ పాస్టరూ చెయ్యడు. కథలో జరగని పెళ్ళిని ఇళయరాజా పాటలో జరిపించేశారు. ముగింపులో జంధ్యాన్ని తెంపించబోయే సినిమా నడిమధ్యన వేదాశీర్వచనాన్ని వాడుకోవడంలో తిరకాసు లేదంటారా? నాకైతే ఉందనే అనిపిస్తుంది, ఆ తిరకాసే పాటకు ప్రాణం పోసిందని కూడా అనిపిస్తుంది.

గొంతుల విషయమూ చెప్పాలి. తమిళంలో ఆ పాటను ఇళయరాజా స్వయంగా జెన్సీతో కలిసి పాడారు. నేర్చి నునుపు చేసుకున్న గొంతు కాదాయనది, కొంచెం ముక్కుతో, కొంచెం మట్టితో పలికే గొంతు. ఆ గొంతు వింటుంటే కుర్రవాడు నిజంగా ఆ ఊరివాడే అనిపిస్తాడు. తెలుగులో బాలుగారూ శైలజగారూ పాడారు. (అన్నాచెల్లెళ్ళు పాడిన ప్రేమగీతమని మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం, పాట మొదలయ్యాక మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.) మన పాట ఎక్కువ అందంగా ఉంటుంది, వారి పాట ఎక్కువ పేదగా ఉంటుంది. ఈ చర్చకు సంబంధించినంతవరకు నా ఓటు పేద గొంతుకే.

పాత ప్రొజెక్టర్:
గోదారిగట్టు గారు గొంతు సంగతి ఎత్తారు కాబట్టి తీసినవారి సంగతి నేను ఎత్తుతాను. తమిళ చిత్రాన్ని నిర్మించిన సంస్థ పావలర్ క్రియేషన్స్, నిర్మాత ఇళయరాజా అన్నగారు ఆర్.డి. భాస్కర్. ఆ సంస్థకు పేరు వచ్చింది ఆ ఇంటి పెద్దన్న పావలర్ వరదరాజన్ నుంచి. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాటలు కట్టి పాడినవాడు. తమ్ముళ్ళు ఆయన వెంట హార్మోనియం మోసుకుంటూ, కూలీల మధ్య, తేయాకు తోటల్లో పాడుతూ తిరిగారు. ఇళయరాజాది పణ్ణైపురం, భారతీరాజాది అల్లినగరం, రెండూ తేని వైపు ఊళ్ళే, సినిమాల్లోకి రాకముందు నుంచీ స్నేహితులు. కథ మణివణ్ణన్‌ది. ఆయన తర్వాత దర్శకుడిగానూ నటుడిగానూ పేరు తెచ్చుకున్నారు. ఉన్నవాడు, లేనివాడు అన్న లెక్క తెలియకుండా వీళ్ళు కథ అల్లారని నేను నమ్మను. తెలిసే దాన్ని లోపలికి తోశారు, పైన మతాన్ని పరిచారు. మతం గురించి కేకలు వేస్తే హాలు నిండుతుంది, డబ్బు గురించి కేకలు వేస్తే ఆ రోజుల్లో అది వేరే రకం సినిమా అయిపోయేది.

తెలుగులో దీన్ని నిర్మించినవారు పూర్ణోదయా ఏడిద నాగేశ్వరరావు గారు, మాటలు జంధ్యాల గారివి, పాటలు వేటూరి గారివి. ఆ సంవత్సరం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దీనికే వచ్చింది. తమిళంలో కార్తీక్ పేరుతో కథానాయకుడైన నటుడు మనకు మురళి పేరుతో వచ్చాడు, ఆయన తమిళ నటుడు ముత్తురామన్ గారి అబ్బాయి. అక్కడ రాధ, ఇక్కడ ముచ్చెర్ల అరుణ, ఇద్దరికీ ఇదే మొదటి సినిమా. అన్న పాత్రలో అక్కడ త్యాగరాజన్, ఇక్కడ శరత్‌బాబు. చిన్నపిల్లవాడు ఆలీ ఎవరికి గుర్తులేడు గనుక!

ఒక ముచ్చట చెప్పి ముగిస్తాను. తమిళ పాట పల్లవి ‘కాదల్ ఓవియం’ మరుసటి ఏడాదే భారతీరాజా తీసిన మరో చిత్రానికి పేరైంది. తెలుగు పాటల్లో ‘సాగర సంగమమే’ అన్నది ఉంది కదా, 1983లో అదే నిర్మాత తీసిన చిత్రం పేరేమిటో నేను చెప్పనక్కరలేదు. ఒక సినిమా పాటలు ఇంకో రెండు సినిమాలకు పేర్లు పెట్టి వెళ్ళాయి. ఇక ఎస్. జానకి గారు పాడిన ‘పుత్తం పుదు కాలై’ రికార్డులో ఉంది గానీ సినిమాలో లేదు. దాన్ని తెర మీద చూడటానికి తమిళులు 2014లో వచ్చిన ‘మేఘా’ దాకా ఆగవలసి వచ్చింది.

కొత్తచూపు:
పెద్దలందరూ పాటల మత్తులో ఉన్నారు, నేను కొంచెం నీళ్ళు చల్లుతాను, క్షమించాలి. నేను ఈ సినిమాను మొదటిసారి చూసింది నిరుడే. వాళ్ళిద్దరూ ఇంకా లోకం తెలియని పిల్లలు. జంధ్యమూ శిలువా విసిరి వెళ్ళిపోతుంటే హాలులో చప్పట్లు మోగి ఉండవచ్చు, నాకు మాత్రం రేపు పొద్దున్న వీళ్ళు ఏం తింటారు అన్న ప్రశ్న తప్ప వేరే ఏదీ తోచలేదు. కుర్రవాడికి పనిలేదు. అమ్మాయికి ఇంటిపని కూడా తెలిసినట్లు లేదు. ఇద్దరూ నేర్చింది నాలుగు స్వరాలు. తంబురా గారు చెప్పిన డబ్బు గోడ అసలు మొదలయ్యేది ఆ మరునాడే, సినిమా ముగిసిపోయింది మాత్రం ముందురోజే.

ఆ మరునాటి నుంచి కథ చెప్పిన సినిమా మరొకటి ఉంది. 2004లో బాలాజీ శక్తివేల్ తీసిన ‘కాదల్’, మనకు ‘ప్రేమిస్తే’గా వచ్చింది. మదురైలో స్కూటర్లు బాగుచేసే మురుగన్, పెద్దింటి స్కూలు పిల్ల ఐశ్వర్య. వాళ్ళు మద్రాసు పారిపోతారు, స్నేహితుడి పంచన చేరతారు, గది వెతుక్కుంటారు, పెళ్ళి చేసుకుంటారు, ఆ తర్వాత బంధువులు తియ్యగా మాట్లాడి వెనక్కి తీసుకుపోతారు. అక్కడ ఏ పాటా వాళ్ళను కాపాడదు. చివరికి మతి చెడి రోడ్డు మీద తిరుగుతున్న అతన్ని, భర్తతోనూ బిడ్డతోనూ వెళ్తున్న ఆమె చూస్తుంది. ఆ రెండు చిత్రాల నడుమ ఉన్న ఇరవై మూడేళ్ళలో ప్రేమ మీద నమ్మకం తగ్గిందో, ఎదురుగా ఉన్నది ఎంత గట్టి గోడో సినిమావాళ్ళకు తెలిసివచ్చిందో నేను చెప్పలేను గానీ, చూసేవాళ్ళకు నిజం అనిపించింది రెండోదే.

మైలాపూరు తెలుగువాడు:
కొత్తచూపు గారూ, మీరు చల్లిన నీళ్ళు నా మీద కూడా పడ్డాయి, మంచిదే. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకటి నిజం, ఒకటి అబద్ధం అంటే నేను ఒప్పుకోలేను. ‘కాదల్’ జరిగిన కథలాగా చెప్పాలనుకున్న సినిమా. ‘అలైగళ్’ పాటలాగా చెప్పాలనుకున్న సినిమా. పాట చరణం దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత అద్దె ఎంత అని పాటను నిలదీయం కదా.

నేను పోల్చదలచుకున్నది వేరే చిత్రంతో. 1994లో శంకర్ తీసిన ‘కాదలన్’, మన ‘ప్రేమికుడు’. కానిస్టేబుల్ కొడుకు, గవర్నరు కూతురు, ఇంతకన్నా సూటిగా ధనిక పేద ప్రేమ ఉండదు. ఆ అబ్బాయి ఆ అమ్మాయి మనసు గెలవడానికి భరతనాట్యం నేర్చుకుంటాడు. అంటే పేదవాడు పైమెట్టు మీద ఉన్నవారి కళను కష్టపడి సంపాదించి, ఇదిగో నేనూ తగినవాడినే అని చూపించుకోవాలి. ‘అలైగళ్’లో ఇది తలకిందులు. ఇక్కడ కళ పేదవారి ఇంట్లో ఉంది, డబ్బున్న పిల్లే దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. నేను మొదట తంబురా గారితో విభేదించాను గానీ, ఈ తేడా గుర్తుకొచ్చాక వారి మాటలో సగం ఒప్పుకోక తప్పడం లేదు. సగమే సుమా. శాస్త్రీయ సంగీతం ఆ ఇంట్లో ఉండటానికి కారణం వాళ్ళ పేదరికం కాదు, వాళ్ళ కులం. కాబట్టి మతాన్నీ కులాన్నీ తోసేస్తే మీ ఎదురు తూకం కూడా నిలబడదు.

అదే ‘కాదలన్’లో కానిస్టేబుల్ తండ్రిగా బాలుగారు నటించారు. కొడుకు ప్రేమకు అడ్డుపడకుండా వత్తాసు పలికే తండ్రి. ‘అలైగళ్’ పిల్లలకు అలాంటి తండ్రి ఒక్కడు దొరికి ఉంటే ఊరు విడిచే పని ఉండేది కాదేమో.

గోదారిగట్టు:
ఒప్పుకుంటున్నాను, కళ కులం వెంట వచ్చింది. అయితే భారతీరాజాకు ఈ గురుశిష్యుల సంబంధం మీద ఎందుకో పట్టు ఉంది. అయిదేళ్ళ తర్వాత, 1986లో, అదే ముట్టం తీరంలో ‘కడలోర కవితైగళ్’ తీశారు. అక్కడ చదువురాని రౌడీ, బడిపంతులమ్మ జెన్నిఫర్. అక్షరాలు దిద్దించేది ఆమె, దిద్దుకునేది అతడు. దాన్నే 1987లో చిరంజీవి, సుహాసినిలతో ‘ఆరాధన’గా మనకు తీశారు. ఒకచోట స్వరాలు, మరోచోట ఓనమాలు. రెండుచోట్లా పక్కపక్కన నిలబడటానికి వీలులేని ఇద్దరు మనుషులను పలక అనో పాట అనో వంక పెట్టి ఎదురెదురుగా కూర్చోబెట్టారు. చదువు చెప్పేటప్పుడు తప్ప మన ఊళ్ళల్లో హెచ్చుతగ్గులున్న ఇద్దరు వయసు పిల్లలు అంతసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీలు ఎక్కడిది? దర్శకుడు కనిపెట్టిన కీలకం అదే అనుకుంటాను.

నెల్లూరు శిష్యురాలు:
నేను ఈ చర్చను నాలుగు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను. మా అమ్మ వీణ చెప్పేది. మాది కలిగిన ఇల్లు కాదు. మా అమ్మ దగ్గర నేర్చుకున్నవారిలో ఒక రైసుమిల్లు యజమాని కూతుళ్ళు ఇద్దరు ఉండేవారు, కానీ వాళ్ళు మా ఇంటికి వచ్చేవారు కాదు, మా అమ్మే వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పి వచ్చేది. పాఠం హాలులోనే, మర్యాదలు హాలులోనే, కాఫీ వెండి గ్లాసులోనే. జీతం మాత్రం నెల మొదట్లో గుమాస్తా చేత పెరటి వైపు ఇప్పించేవారు, పాలవాడికీ చాకలికీ ఇచ్చే వరసలోనే. మా అమ్మ దాన్ని గురించి ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. రిక్షాలో వస్తూ ఆ డబ్బు లెక్కపెట్టేది కాదు, ఇంటికొచ్చాక నా చేత లెక్కపెట్టించేది.

‘సీతాకోకచిలుక’ మా ఊళ్ళో ఆడినప్పుడు నేను పదో తరగతి. తెలుగులో మేరీ కరుణ అయింది, విచ్చు రఘు అయ్యాడు కదా. ఆ కరుణ రఘు వాళ్ళ ఇంటికి పాఠానికి రావడం చూసి, నేను అందరిలా ప్రేమ గురించి ఆలోచించలేదు. డబ్బున్న పిల్ల పాఠం కోసం తానే నడిచి వచ్చింది, టీచరు వెళ్ళలేదు, అన్న ఒక్క సంగతే నాకు పట్టుకుంది. మా అమ్మతో చెబితే, ‘సినిమా కదా’ అంది. మైలాపూరు వారు కళ కులం నుంచి వచ్చిందన్నారు, నిజమే. కానీ ఆ కులమే ఉన్న మా అమ్మకు ఆ పెరటి గుమ్మం తప్పలేదు. అందుకని తంబురా గారి ప్రశ్న నాకు కొత్తది కాదు.

కొత్తచూపు:
అమ్మా, మీరు రాసినది చదివాక నా ‘రేపు ఏం తింటారు’ అన్న మాట కొంచెం తేలికగా అనేశానేమో అనిపించింది. వెనక్కి తీసుకోవడం లేదు, కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది సంగీతమేనన్న సంగతి నేను మరిచిపోయాను.

పాత ప్రొజెక్టర్:
ఇంతమంది ఇంత రాశారు గానీ సిల్క్ స్మితను ఎవరూ తలవలేదు. డేవిడ్ భార్య పాత్ర ఆమెది, తెలుగులోనూ ఆమే. ఆమె పేరు చెబితే జనం వేరే పాటలు గుర్తు చేసుకునే రోజుల్లో, నిండుగా చీర కట్టుకుని, మొగుడికి భయపడుతూనే ఆడపడుచు పక్షాన నిలిచే వదినగా ఆమెను చూపించారు. ఆ ఇంటి డబ్బు మేరీదీ కాదు, ఈమెదీ కాదు, అంతా అన్నగారిదే. తంబురా గారు పెద్దిల్లు అంటున్నారు గానీ, ఆ పెద్దింట్లో ఇద్దరు ఆడవాళ్ళకు సొంతమని చెప్పుకోవడానికి చిల్లిగవ్వ లేదు.

తంబురా:
ఇది నాకు తట్టలేదు. నగలు ఎందుకు తీయించలేదని మైలాపూరు వారు అడిగిన ప్రశ్నకు నేను అప్పుడు వాదన కోసం బదులిచ్చాను, ఇప్పుడు అసలు బదులు దొరికింది. అవి ఆమె నగలు కావు. మెడలోని శిలువ ఒక్కటే ఆమె సొంతం, తీసి వెయ్యగలిగింది కూడా అదొక్కటే.

నెల్లూరు శిష్యురాలు గారూ, అమ్మగారు ఇప్పటికీ వాయిస్తున్నారా?

నెల్లూరు శిష్యురాలు:
లేదండీ, వేళ్ళు సహకరించడం లేదు. ‘మాటే మంత్రము’ వస్తే మాత్రం రేడియో గొంతు పెంచమంటుంది.